గండి దగ్గర, ఒకటీ పదికి

పదికి ఇంకా పది నిమిషాలున్నాయి. పదకొండుకు పావు తక్కువకు మళ్ళీ ఫోన్ చేస్తానన్నాడు ఆ మనిషి. పేరు చెప్పాడు గానీ మార్తా చెవిలో నిలవలేదు. స్విట్జర్లాండులో కొండల మీద చిక్కుకున్నవాళ్ళను దించే దళంవాడు, ఇంగ్లీషు మాటల్ని బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఒక్కొక్కటే ఏరి మాట్లాడాడు. మా గడియారంలో పన్నెండుకు, అంటే మీకు పదకొండుకు, మబ్బు అరగంట విడుస్తుంది మేడమ్, హెలికాప్టర్ ఒక్కసారే వెళ్తుంది, వెతకాల్సిన చోట్లు రెండున్నాయి, ఒక్కచోటికే టైముంది, మీ ఆయన ఆ కొండకు పడమటి వైపు దిగినప్పుడు కళ్ళతో ఏం చూశాడో బాగా గుర్తు చేసుకొని చెప్పండి, అన్నాడు. కళ్ళతో ఏం చూశాడో. ఆ ముక్క దగ్గరే మార్తా ఆగిపోయింది, తర్వాత అతను చెప్పిన థాంక్యూ కూడా ఎక్కడో దూరాన వినబడింది. ఎందుకంటే ఏసుదాసు ఆ వైపు దిగలేదు. ఆ వైపు చూడనైనా లేదు. ఆ సంగతి ఈ భూమ్మీద ఇప్పుడు ఒక్క మార్తాకే తెలుసు, తెలిసిన రెండోవాడు రెండేళ్ళ కింద ఈ క్లోనీ ఊరికి అయిదు మైళ్ళ అవతల సమాధుల తోటలో పడుకున్నాడు.

వంటగది బల్లకు అటువైపు నిఖిల కూర్చుంది, డాక్‌ల్యాండ్స్ ఆఫీసు కార్డు మెడలో అట్టాగే వేలాడుతూ ఉంది, నిన్న సాయంత్రం డెస్కు మీంచి లేచి వచ్చేసిన పిల్ల, తీసెయ్యాలన్న ధ్యాస కూడా లేదు. కొండ మీద చిక్కుకున్నది ఈమె తమ్ముడు, తేజేశ్వర్, మెయ్‌నూత్‌లో చదువుతున్నాడు, ఇరవై అయిదేళ్ళు. సింక్ దగ్గర అబిగేయిల్, మార్తా కూతురు, నాన్నకు అబ్బీ, పదహారేళ్ళది, నాలుగోసారి కెటిల్ పెడుతోంది. నాన్న పోయినప్పుడు కూడా ఇంతే, ఇల్లంతా జనం, ఈ పిల్ల కెటిల్ ముందు. ఈ దేశంలో పుట్టిన పిల్లలకు ఏడుపు రావాల్సిన చోట టీ వస్తుందనుకుంటుంది మార్తా, తన కూతురే అయినా. కిటికీ అవతల సన్నటి వాన, వాన అవతల డేటా సెంటర్ పొడుగాటి బూడిదరంగు గోడలు, వాటి హోరు. అలవాటైపోయి మామూలు రోజుల్లో వినిపించదు. ఇవాళ వినిపిస్తోంది. బల్ల మధ్యలో ఆ కాగితం ఉంది, రెండు పేజీలు, ప్లాస్టిక్ కవరులో. పైన పెద్దక్షరాలతో ‘పిజ్ ఒర్లున్ ఎక్కే విధానం’. కింద ‘ఏసుదాసు అనుభవం నుంచి’. దాని కింద పంతొమ్మిది స్టెప్పులు, కొండవీటి చాంతాడంత.

“హీల్ బీ గ్రాండ్, నిఖిలా,” అంది అబిగేయిల్ కప్పు పెడుతూ. “హీ హాజ్ డాడ్స్ జాకెట్. ఇట్స్ ఫియర్స్ వార్మ్, దట్ జాకెట్.”

ఎర్ర జాకెట్. మార్తాయే ఇచ్చింది, జులైలో, ఈ గుమ్మంలోనే. అల్మారాలో చిమటలు కొట్టి పోయేదాని కంటే వాడన్నా వేసుకుంటాడు అని. వేసుకొని అద్దంలో చూసుకొని, ఆంటీ జర లూజున్నది గని మస్తున్నది, అని నవ్వాడు. ఏసుదాసు పోయే ముందు చివరి చలికాలంలో ఆరేడు ఆదివారాలు ఇద్దరూ విక్లో కొండల్లో నడిచారు, అప్పటికే ఏసుదాసుకు ఆయాసం, పిల్లవాడు సంచి మోసేవాడు, ఈయన మాటలు మోసేవాడు. బూటు ఎక్కడ పెట్టాలో నేర్పాడు, తాడు ముడి నేర్పాడు, వాడు అన్నింటికీ అయితె గట్లనే అంకుల్ అనేవాడు. చెప్పినట్టు చేసే రకం. అదే వాడి గుణం, ఇవాళ అదే వాడి ప్రాణం మీదికి వచ్చింది. సిరిసిల్లలో మగ్గం నేసేవాళ్ళ పిల్లాడు, వరసలో ఒక్క పోగు తప్పినా బట్ట చెడుతుందని తెలిసినవాడు. పంతొమ్మిది స్టెప్పుల్లో ఒక్కటీ వదలడు.

మార్తా బ్రతుకంతా స్టెప్పులే. ఊరవతల మందుల ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్ళుగా డాక్యుమెంటేషన్. మందు చేసేవాళ్ళు వేరే, ఆ చేసే పద్ధతిని వరస పెట్టి రాసేదీ, చేసినవాళ్ళు రాసిన కాగితాల్ని భూతద్దంతో చూసేదీ ఈమె. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజు ఈమె చెప్పేది మూడే ముక్కలు. రాయనిది జరగనట్టే. చూడనిది రాయకూడదు. ఒకరు చేసిన పనికి ఇంకొకరు సంతకం పెట్టకూడదు. తప్పు రాస్తే వైట్‌నర్ పూయడం లేదు, కాగితం చించడం లేదు, తప్పు మీద ఒకే ఒక్క గీత, కింది అక్షరాలు కనబడేట్టు, పక్కన పొడి సంతకం, తేదీ. దాచిన తప్పు కంటే కనబడే తప్పు మేలు అని నవ్వుతూ చెప్పేది, పిల్లలు రాసుకునేవాళ్ళు. మూడేళ్ళ కింద ఒక కుర్రవాడు సీసాల గది చలి ఎంతుందో చూడకుండానే రాత్రంతా నాలుగు డిగ్రీలు నాలుగు డిగ్రీలు అని నింపేస్తే వాడి మీద రిపోర్టు రాసింది ఈమే. ఆ కుర్రాడు ఏడ్చాడు. ఎవరికీ ఏమీ కాలేదు కదా మేడమ్, అన్నాడు. అవ్వచ్చు కదా నాయనా, అంది. ఎంత ధీమాగా అంది! ఎదుటివాడికి చెప్పేటందుకే నీతులన్నారు, ఊరికే అనలేదు.

అబిగేయిల్ పాలు పోస్తోంది. పాలు పక్కన పెట్టి టీ కప్పుల ప్రెస్ తలుపు తీసింది. అల్మారాని ఈ దేశంలో ప్రెస్ అంటారు, ఏసుదాసుకు ఆ మాట భలే నవ్వు, ఇస్త్రీ పెట్టెలో కప్పులు పెడతారేందే అనేవాడు. ఆ ప్రెస్‌లోనే పై అరలో, ఏలకుల డబ్బా వెనక, నోటుబుక్కుంది. నల్ల అట్ట, రబ్బరు పట్టీ. ఇంట్లో దాచడానికి ఎన్ని చోట్లున్నా అక్కడే ఎందుకు పెట్టిందో మార్తాకే తెలియదు, ఏలకులు ఇంట్లో తను ఒక్కతే వాడుతుంది కాబట్టి కాబోలు. పెట్టెలో పెట్టి తాళం వెయ్యాల్సిన పనిలేదు అసలు. అబిగేయిల్‌కు తెలుగు అర్థమవుతుంది, చదవడం రాదు. ఆ పిల్ల ఎన్నిసార్లు ఆ పుస్తకాన్ని తిరగేసి నాన్న అక్షరాలు చూసి, గుండ్రంగా ఎంత బాగున్నాయో అని మళ్ళీ పెట్టేసిందో.

పన్నెండో స్టెప్పు దాకా అంతా నిజం. మార్తా ఆ పన్నెండింటినీ పట్టుకొని వేలాడుతోంది, పన్నెండు దాకా నిజం ప్రభువా, పన్నెండు దాకా అక్షరం పొల్లుపోలేదు. ఆ కొండ ఎవరూ ఎక్కరు. చుట్టూ పేరున్న కొండలున్నాయి, అందరూ వాటి మీదికి పోతారు, దీనికి దారి ఎక్కువ, రాయి కుళ్ళు రాయి. ఏడాదికి ఇద్దరో ముగ్గురో. అందుకే నాకు నచ్చిందే అన్నాడు ఏసుదాసు. ఎవరికీ పట్టని కొండ మీద ఒకసారి కూర్చొని రావాలి. కొండవీడు కోట మీద మేకల వెనక తిరిగిన కాళ్ళవి, ఎత్తు కనబడితే ఆగవు. ఏటా ఆగస్టులో ఒక వారం ఒక్కడే పోయేవాడు. చివరి ఊళ్ళో బస్సు దిగాలి, ఒకటి. గుడిసె తాళంచెవి బేకరీలో అడగాలి, బేకరీ ఆమె పేరు, ఫోన్ నంబరు రాయించుకుంటుంది, రెండు. గుడిసె తలుపు తోస్తే రాదు, పైకెత్తి లాగాలి, నాలుగు. చీకటితోనే బయల్దేరాలి. రాళ్ళ దిబ్బ మీద రాయి దొర్లితే దొర్లనివ్వాలి, పట్టుకోబోకూడదు, ఏడు. మంచు మీద ఎండ పడకముందే బూట్లకు ముళ్ళ పట్టీలు కట్టుకొని దాటెయ్యాలి, తొమ్మిది. బూడిదరంగు పలకల్లో కుడిచేతి పగులు పట్టుకొని పోవాలి, ఎడమది బాగా కనబడుతుంది గానీ మోసం, పదకొండు. ఆ పైన రెండు రాళ్ళ మధ్య కిటికీ అంత గండి, పన్నెండు. ప్రతిదాని పక్కనా ఆయన టైము రాసుకున్నాడు. మంచు నుంచి గండికి రెండు గంటల దారికి నాలుగున్నర గంటలు పట్టింది. అప్పుడే ఊపిరితిత్తుల్లో కూర్చొని ఉంది ఆ జబ్బు, ఎవరికీ తెలియదు. ఆ టైములు చదువుతుంటే డాక్టర్ రిపోర్టు చదువుతున్నట్టే ఉంటుంది మార్తాకు, స్కాన్ కంటే ముందు కొండే చెప్పింది.

ఒకటీ పదికి గండి. ఆ తర్వాత నాలుగైదు వరసలు. ఆ తర్వాత ఖాళీ పేజీలు.

పేజీలు ఖాళీగా ఉంటే ఏం, ఉండనిస్తే ఏం పోయేది? ఆసుపత్రిలో, మే నెలలో, మంచం పక్కన అబిగేయిల్, పదమూడు నిండి పద్నాలుగు రానిది, ఆయన చెయ్యి పట్టుకొని, డాడ్, డిడ్ యూ గెట్ టు ద టాప్? అనడిగింది. స్కూల్లో చెప్పుకోవాలట. ఏసుదాసు ముఖానికి ఆక్సిజన్ ముసుగుంది. ఆయన కళ్ళు మార్తా వైపు తిరిగాయి. నువ్వు చెప్పు అన్నాయో, చెప్పకు అన్నాయో, ఇప్పటికీ తెలియదు. ఎక్కాడమ్మా, ఎక్కకుండా వస్తాడా మీ నాన్న, అనేసింది. పోతున్న మనిషిని కొండ మీంచి కూడా ఎందుకు దించాలనిపించింది. పిల్ల ముఖం వెలిగింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. అలిసిపోయి మూసుకున్నాడనుకుంది. ఇప్పుడు అనిపిస్తోంది, పన్నెండేళ్ళు పక్కనే కూర్చొని కాగితాల నిజాయితీ గురించి తన చెవులు చిల్లులు పడేట్టు చెప్పిన మనిషి అంత తేలిగ్గా తన పేరు మీద అబద్ధం రాయడం చూడలేక మూసుకున్నాడేమో.

ఒక అబద్ధం ఒంటరిగా కాపురం చెయ్యదు. సంతాప సభలో కొండల్ రావుగారు, తెలుగువాళ్ళ కొండ నడక బృందానికి ఆయనే పెద్ద, కళ్ళు తుడుచుకుంటూ అడిగాడు, దిగింది ఎటువైపమ్మా, ఎక్కిన దారినేనా? అవును అంటే అయిపోయేది. ఎక్కిన దారినే అంటే ఏదో చిన్నదైపోతున్నట్టు తోచింది, ఇంతమంది ఏడుస్తున్న చోట. అటువైపండి, పడమటి వైపు, అంది. అబ్బా, అన్నారు జనం. రాసి పెట్టండమ్మా, మా పిల్లలకు పనికొస్తుంది అన్నాడు కొండల్ రావు. వారం తర్వాత, ఇదే బల్ల, ఇదే కుర్చీ, మ్యాపు పరచుకొని కూర్చుంది. పడమటి వైపు ఎత్తుగీతలు ఒకచోట కాస్త ఎడంగా కనబడ్డాయి. ఎడంగా ఉంటే వాలు తక్కువని ఆయనే నేర్పాడు. అక్కడినుంచి దించింది భర్తను, పెన్సిలుతో. పద్నాలుగో స్టెప్పు: శిఖరం నుంచి పడమటి మంచు పాయలోకి దిగి, నీటి చప్పుడుకు ఎడమగా నడవాలి. నీటి చప్పుడు! మ్యాపులో చప్పుళ్ళుండవు. చూసినవాడు రాసినట్టుంటుందని రాసింది, రాసి తనే మురిసింది. దానికంటే పాపిష్టిది పదమూడు. గండి దగ్గర మబ్బుంటే భయపడక్కర్లేదు, పది నిమిషాలు ఆగితే విడిపోతుంది, ఆగి ముందుకే పోవాలి. ముందుకే. ఏసుదాసు దగ్గర విడిపోని మబ్బును ఈమె విడదీసింది, క్లోనీలో, హీటరు పక్కన కూర్చొని. అబిగేయిల్ పక్కనే కూర్చొని చెప్పించుకొని ఇంగ్లీషులోకి తిప్పింది, నాన్న కొండ అంటూ నీలంరంగు ఇంకుతో బొమ్మ గీసి అంటించింది.

నిన్న పొద్దున పదకొండూ ఇరవైకి తేజేశ్వర్ మెసేజీ పంపాడు. ఫ్యాక్టరీ లోపలికి ఫోన్లు రానివ్వరు, లాకరులో పడి ఉంది. రెండున్నరకు చూసింది. ‘ఆంటీ, గండి కాడ ఉన్న. ఫుల్ మబ్బు. ఏం కనవడ్తలేదు. పదమూడో స్టెప్‌ల చెప్పినట్టు ఆగుతున్న. అంకుల్ గూడ ఇట్లనే ఆగిండు గద.’ లాకరు తలుపు పట్టుకొని నిలబడింది. మూడు గంటలైపోయింది, ఈపాటికి వెనక్కి వచ్చేసి ఉంటాడు, కుర్రాడు, తెలివైనవాడు, అనుకుంది. అనుకోవాలని అనుకుంది. ‘జాగ్రత్త నాయనా’ అని పెట్టి, దండం బొమ్మ పెట్టింది. దండం బొమ్మ! వెనక్కి రా అని మూడు ముక్కలు పెట్టి ఉంటే, చూసేవాడో చూడకపోయేవాడో, పెట్టి ఉంటే. పెడితే, ఎందుకాంటీ అంటాడు. అంటే చెప్పాలి. చేతి తొడుగులు మార్చుకొని మళ్ళీ లోపలికి పోయింది, సాయంత్రం దాకా ఎవరో రాసిన కాగితాల్లో తప్పులు పట్టింది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆరు గంటలకు తాళంచెవి తిరిగి రాకపోయేసరికి బేకరీ ఆమె దళానికి ఫోన్ చేసింది. వాళ్ళు రిజిస్టర్‌లో వాడు రాసిన నంబరుకు చేశారు, అది మార్తాది. ఈ గొంతే. ఇక్కడ ఆరు, అక్కడ ఏడు, ఇంకో గంట వెలుతురుంది. గుడిసెలో మీ కాగితం ఇంకో కాపీ దొరికింది మేడమ్, ఈ పడమటి దారి మా పుస్తకాల్లో ఎక్కడా లేదు, మీ ఆయన నిజంగా దిగాడా? అబిగేయిల్ ఎదురుగా కూర్చొని అన్నం తింటోంది. స్పూను ఆపి అమ్మ ముఖం చూస్తోంది. దిగారు, అంది మార్తా. అంతా సరిగ్గానే రాశాం. వాళ్ళు ఆ మాట పట్టుకొని, వెలుతురున్న ఆ గంటా పడమటి లోయ కింది భాగమంతా గాలించారు, నీటికి ఎడమగా. ఎవరూ లేరు. అప్పుడు మబ్బు దిగింది. ఆకాశంలో ఉన్న ఒక్క గంటనూ ఈ బల్ల దగ్గర కూర్చొని ఈమే తినేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు, ఈమె కాలుతున్న చేతుల్ని వెనక దాచుకుంది.

పదీ ఇరవై. ఇప్పుడన్నా చెప్పొచ్చు. ఎదురుగానే ఉంది పిల్ల. నిఖిల కాగితాన్ని కవరులోంచి తీసింది, పద్నాలుగో స్టెప్పు మీద వేలు పెట్టింది, గోరు రంగు సగం ఊడిపోయి ఉంది.

“ఆంటీ, ఈ నీళ్ళ చప్పుడు కాడ జాగ ఎట్లుంటది? కూసోనీకి ఉంటదా? రాయి గిట్ల అడ్డం ఉంటదా గాలికి?”

మార్తా నోరు తెరిచింది. “నాకు... నేను పోలేదు గదమ్మా.”

“అంకుల్ ఏమన్న చెప్పిండా మీతోని?”

“ఏమన్నా తినమ్మా ముందు. బ్రెడ్డన్నా.”

“అంకుల్ దిగినంక వీడు గూడ దిగుతడు ఆంటీ. వీడు అంకుల్ కంటె గట్టిగనే ఉన్నడు. గంతే గద? ఒక్కరు దిగిన దారి ఉన్నదంటె ఇంకొకరు దిగుతరు.”

ఆమె మార్తాను అడగడం లేదు, తనకు తాను చెప్పుకుంటోంది. ఆ మాట మీదే రాత్రంతా కూర్చుంది ఆ పిల్ల, వాళ్ళమ్మకు ఫోన్‌లో కూడా అదే చెప్పింది, దారి ఉన్నదమ్మా, ఆంటీ వాళ్ళ ఆయన దిగిండు. సిరిసిల్లలో ఒక తల్లి ఈ నిమిషాన మార్తా పెన్సిలు గీతను పట్టుకొని కూర్చొని ఉంది. ఆ పడమటి వైపు నిజంగా ఏముందో నిన్న సాయంత్రం ఫోను పెట్టేశాక మార్తా చూసింది, ఇంటర్నెట్‌లో ఆకాశం నుంచి తీసిన బొమ్మల్లో, స్నానాలగదిలో తలుపేసుకొని. మంచు పాయ ఉంది. పాయ చివర నల్లటి అడ్డగీత. గీత కాదు, గోడ. రెండు వందల మీటర్ల గోడ. గీతలు ఎడంగా కనబడిన చోటు ఆ గోడకు పైన ఒక అరుగు, అంతే. అక్కడిదాకా దిగినవాడు అక్కడ ఆగాలి, ఆగకపోతే లేడు. తిరిగి పైకి రావాలంటే మంచు మెత్తబడి ఉంటుంది. పేజీ నమ్మినవాడైతే నీటి చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చుంటాడు, పొద్దు పోయేదాకా. తేజేశ్వర్ కూర్చుంటాడు. చెప్పినట్టు చేసేవాడు. హెలికాప్టర్ మళ్ళీ నీటికి ఎడమగా పోతే, ఆ అరుగు కనబడదు.

మామ్, అంది అబిగేయిల్. యూ ఆర్ వైట్ యాజ్ ఎ షీట్. ఈ పిల్ల గదిలో గోడ మీద ఆ నీలంరంగు బొమ్మ నకలుంది, శిఖరం మీద చిన్న మనిషి, చేతులు పైకెత్తి. స్కూల్లో వ్యాసానికి బహుమతి వచ్చింది. ఒక్క మాటతో ఆ మనిషిని కిందికి తోసెయ్యాలి. తోయకపోతే ఇంకో మనిషి, బొమ్మ కానివాడు, ఎర్ర జాకెట్‌లో. ఇందులో ఆలోచించడానికేముంది? అయినా మార్తా ఇరవై నిమిషాలు ఆలోచించింది, అది ఆమె ఎన్నటికీ ఎవరికీ చెప్పుకోలేదు. మనిషి ఇంత నీచంగా ఉండగలదా అని తన్ను తాను చూస్తూ, గోడ గడియారం ముల్లు చూస్తూ, ప్రార్థన చేద్దామంటే మాటలు రాక, ఆయనే చెప్తే బాగుండు, మబ్బు ముందే విడిస్తే బాగుండు, వాడే నడిచి వచ్చి గుడిసె తలుపు పైకెత్తి లాగితే బాగుండు. ఫోను మోగింది. రెండు నిమిషాలు ముందే.

మార్తా స్పీకర్ నొక్కింది. ఎందుకు నొక్కిందంటే, నొక్కకపోతే మళ్ళీ అబద్ధం చెప్పడానికి సందు దొరుకుతుంది, అంత మాత్రం తన సంగతి తనకు తెలుసు.

“నా భర్త ఆ వైపు దిగలేదు,” అంది ఇంగ్లీషులో. “శిఖరం కూడా ఎక్కలేదు. గండి దగ్గర మబ్బు చూసి వెనక్కి వచ్చేశాడు. పదమూడు నుంచి పంతొమ్మిది దాకా నేను రాశాను. మ్యాపు చూసి రాశాను. నిన్న మీతో అబద్ధం చెప్పాను. అక్కడ గోడ ఉంది. ఆ అబ్బాయి కాగితంలో ఉన్నట్టే చేస్తాడు, గోడ పైన ఆగి ఉంటాడు. కిందికి వెళ్ళకండి. పైన చూడండి.”

“పైన,” అన్నాడు ఆ మనిషి. “అర్థమైంది. ఫోను దగ్గరే ఉండండి.” తిట్టలేదు. తిడితే బాగుండేది.

నిఖిల వేలు ఇంకా పద్నాలుగో స్టెప్పు మీదే ఉంది. అబిగేయిల్ కెటిల్ పట్టుకొని నిలబడి ఉంది, పెట్టడమూ లేదు, పొయ్యడమూ లేదు. మార్తా లేచి ప్రెస్ పై అర తీసి, ఏలకుల డబ్బా జరిపి, నల్ల అట్ట పుస్తకాన్ని తెచ్చి బల్ల మీద పెట్టింది. సంచిలోంచి పెన్ను తీసింది. నిఖిల వేలు మెల్లగా పక్కకు జరిపి, పదమూడు మీద ఒక గీత, పద్నాలుగు మీద ఒక గీత, అట్టా పంతొమ్మిది దాకా, కింది అక్షరాలు కనబడేట్టు. పక్కన పొడి సంతకం, తేదీ. పద్నాలుగేళ్ళ అలవాటు చేతిది. చెయ్యి వణకను కూడా లేదు, అది చూసి ఆమెకు తన మీద అసహ్యం వేసింది.

ముప్పై ఐదు నిమిషాలు. ఎవరూ ఎవరినీ చూడలేదు. నిఖిల ఒక్కసారి అడిగింది, నిన్న గూడ తెలుసునా మీకు, అని. తెలుసు, అంది మార్తా.

పదకొండూ ఇరవై రెండుకు ఫోను మోగింది. గొంతు అదే, మాటలు ఇంకా మెల్లగా ఏరుతున్నాడు. దొరికాడు మేడమ్. మీరు చెప్పిన చోటే, గోడకు పైన, అరుగు మీద. ఎర్ర జాకెట్, అయిదు నిమిషాల్లో కనబడింది. రాతికి ఆనుకొని కూర్చొని ఉన్నాడు. దెబ్బలేమీ లేవు. మా డాక్టర్ తాడు మీద దిగింది. క్షమించండి, చలి. తెల్లవారుజాము దాకా బ్రతికే ఉన్నాడని ఆమె అంటోంది. కాగితం జేబులో ఉంది.

తెల్లవారుజాము దాకా. నిన్న ఏడింటికి ఉన్నాడు. వెలుతురున్న గంటలో ఉన్నాడు, వాడికి వినబడుతూనే ఉండి ఉంటుంది, కింద ఎక్కడో, నీటికి ఎడమగా, తన కోసం తిరుగుతున్న హెలికాప్టర్ చప్పుడు. మార్తా కుర్చీ అంచు పట్టుకుంది. ఏడవడానికి తనకు హక్కు లేదని తెలిసి ఏడుపు ఆపుకుంది, ఆగలేదు.

నిఖిల ఏడవలేదు. నల్ల పుస్తకాన్ని తన వైపు లాక్కుంది, రబ్బరు పట్టీ తీసింది, చివరిగా రాసి ఉన్న పేజీ దొరికేదాకా తిప్పింది. కాసేపు కళ్ళతో చదివింది. ఎదురుగా అబిగేయిల్, ఆ అక్షరాల వంక చూస్తోంది, రెండేళ్ళుగా చూస్తూనే ఉంది.

“వాట్ డజ్ ఇట్ సే?” అంది అబిగేయిల్. “రీడ్ ఇట్ టు మి. ప్లీజ్.”

నిఖిల చదివింది. పరాయి ప్రాంతపు మనిషి చేతిరాత, గుంటూరు మాటలు, ఆమె నోట ఒక్కొక్కటే, తడబడుతూ.

“ఒకటీ పది. గండి. మబ్బు. అరగంట ఆగా. విడవలా. పైకి ఇంకో నూట ఇరవై మీటర్లు ఉంటదేమో. పోదామనే ఉంది. అబ్బీ పుట్టినరోజు శుక్రవారం. కేకు నేనే తెస్తానని చెప్పా. వెనక్కి తిరుగుతున్నా. ఏం సిగ్గుగా లేదు.”

పుస్తకం మూసింది. మెడలో కార్డు తీసి బల్ల మీద పెట్టింది, ఎందుకో. ఆ తర్వాత మార్తా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో, కోపం తర్వాత వస్తుంది, జీవితమంతా ఉంది.

“గిది రాస్తె అయిపోతుండె గదాంటీ,” అంది. “అంకుల్ ఎట్ల చేస్తె మావోడు గట్లనే చేసెటోడు. మర్లి వచ్చెటోడు.”